సిలబస్ మారిందనుకుని అమ్ముకున్న ఆట పుస్తకాలు

2008వ సంవత్సరం, ఏప్రిల్ నెల. కర్ణాటకలోని చింతామణిలో మా పుస్తకాల షాపు. అప్పటికి నేను ఆ కౌంటర్ వెనకాల కూచోబట్టి పదహారేండ్లు. స్కూలు గైడ్లు, నోటు పుస్తకాలు, డిక్షనరీలు అమ్మేదాన్ని. ఆ నెలలో నేను చేసిన ఒక పని గురించి చెప్తా. పుస్తకాల వ్యాపారం లోపల ఎట్ల ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుంది. చెప్తే సిగ్గు, చెప్పకుంటే కడుపుబ్బు అన్నట్ల ఉంటుంది నాకు ఆ సంగతి. చెప్పడానికే నిశ్చయం చేసుకున్నా.

మా మామ ఉన్నప్పుడు అది ఒకే షాపు. 2000లో ఆయన పొయ్యినాక అన్నదమ్ములు భాగాలు పెట్టుకున్నారు, నడుమ గోడ లేచింది. పెద్దకొడుకని మాకు పుస్తకాల వైపు వచ్చింది. మా ఆయన హైస్కూల్లో మేష్ట్రు, కాబట్టి షాపు చూసుకునేది నేనే. గోడవతల సగంలో మా మరిది పెండ్లాం గిరిజ జెరాక్స్ మిషను పెట్టింది. మా మరిది టెంపో నడుపుతాడు, శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళు తోలుతాడు. అందుకని అవతల షాపు కూడా ఆడమనిషిదే.

గిరిజ నోట్లో వేలు పెడితే కొరకలేనిదాని మాదిరి ఉంటుంది. గట్టిగా మాట్లాడదు, ఎవురితోనూ తగవు పెట్టుకోదు. అయినా ఆమె షాపు ముందర ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. నా షాపులో ఈగలు తోలుకుంటా ఉంటే గోడవతల నవ్వులు వినపడేవి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, నాకు రుచి కాదు, ఆ వాసనకే ఒళ్ళు మండేది. అసూయ అని దానికి పేరుండాదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గే రోగం కాదది.

ఇంక ఆట సంగతి. 2004లో ఒక ఆదివారం బాగేపల్లి నుంచి ఒకాయన వచ్చినాడు. పాతికేండ్లు ఉంటాయి. బెంగళూరులో కంప్యూటర్ కంపెనీలో పని, శనాదివారాలు ఊరికి వస్తాడు. జేబులోనుంచి ఒక చీటీ తీసి ఇచ్చి, "అమ్మా, ఈ పుస్తకం తెప్పిస్తారా?" అన్నాడు.

"ఏం పరీక్షకప్పా ఇది?" అన్నా.

"పరీక్షకు కాదమ్మా. ఆటకు."

ఆటకు మూడొందల పేజీల పుస్తకమా అని నాకు నవ్వొచ్చింది. ఆయనే వివరంగా చెప్పినాడు. ఐదారుగురు బల్ల చుట్టూ కూచుంటారు. బోర్డు ఉండదు, పేకముక్కలుండవు. ఒకడు కథ చెప్తాడు, వానిని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం కడతారు, ఒకడు వస్తాదు, ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు. "మీరు గుహ ముందర నిలబడినారు, లోపలినుంచి మూలుగు వినపడతాండాది, ఏం చేస్తారు?" అని మాస్టర్ అడుగుతాడు. వీళ్ళు చెప్పింది జరుగుతుందా లేదా అనేది పాచికలు తేలుస్తాయి. హరికథ చెప్పే దాసును జనమే నడుమ నడుమ ఆపి, "ఇప్పుడు హనుమంతుణ్ణి ఎడమకు పంపు" అన్నట్ల ఉంటుందన్నమాట. దాని నియమాలన్నీ ఉండే పుస్తకం రూల్ బుక్. దాని మీద కొత్త దేశాలు, కొత్త రాక్షసులు అని వచ్చే అదనపు పుస్తకాలు సప్లిమెంట్లు.

బెంగళూరు హోల్‌సేల్ వాళ్ళకు ఫోన్ చేసి తెప్పించినా. బస్సు పార్సిల్లో వచ్చింది. దాని ధరకు మా దగ్గర ఏడో తరగతి గైడ్లు రెండు సెట్లు వస్తాయి. ఆయన బేరం కూడా ఆడకుండా తీసుకుని, ఇంకో రెండు చెప్పి పొయ్యినాడు. ఏడాది తిరిగేసరికి నా గోడ పక్క అల్మారా ఒకటి ఆ పుస్తకాలతోనే నిండింది.

ఈ వ్యాపారంలో నేను గమనించిన వింత ఏమంటే, ఆడేది ఆరుగురైనా పుస్తకం కొనేది ఒక్కడే. కథ చెప్పేవాడు కొంటాడు. మిగిలిన ఐదుగురూ వాని పుస్తకంతోనే గడుపుకుంటారు. కానీ ఆ ఒక్కడు కొనడం మొదలుపెడితే ఆపడు. ఆడేదానికి ఎప్పటికీ పనికిరాని పుస్తకాలు కూడా కొంటాడు. "ఈ మంచుదేశం పుస్తకం యాడ ఆడతారప్పా, మీ కథ ఎడారిలో కదా నడుస్తాండేది?" అంటే, "ఆడేదానికి కాదమ్మా, చదువుకునేదానికి" అనేవాడు. లోకంలో ఆ ఆట పుస్తకాలు అచ్చేసే కంపెనీలన్నీ ఇట్లాంటి ఆరుగురిలో ఒకని మీదనే బతుకుతాండాయని నాకు మెల్లగా అర్థమయింది.

మరి ఆ ఐదుగురు? వాళ్ళు గోడవతలకు పొయ్యేవాళ్ళు. వేషం కట్టే ప్రతివానికీ ఒక కాగితం కావాల, బలమెంత, సంచిలో ఏముండాయి అని రాసుకునేదానికి. దాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. వేషం చచ్చిపోతే ఇంకో షీట్. గిరిజ ఆ షీట్లు జెరాక్స్ తీసి దొంతర పెట్టింది. బెంగళూరునుంచి ఇరవై ముఖాల పాచికలు రంగురంగులవి తెప్పించి గాజు సీసాలో పోసింది. ఆడేవానికి ఒక్క పాచిక చాలు, కానీ ఒక్కొక్కడు నాలుగైదు కొనేవాడు. "ఈ పచ్చది శని పట్టింది గిరిజమ్మా, ఎర్రది ఇయ్యి" అని. లోపల బల్ల ఒకటి ఖాళీగా ఉంటే ఆదివారం దినం కూచోమనింది. ఇంక చూడండి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాచికల చప్పుడు, కేకలు, "చంపేసినా!" అని అరుపులు, నడుమ టీ.

ఆయన నా దగ్గర కొనే ఒక్క పుస్తకంలో మిగిలేది గిరిజకు నూరు షీట్లలో మిగలదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నా కన్ను ఆ ఐదుగురి మీదనే. ఆమె షాపు ముందర విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టేదాన్ని. ఎవురన్నా ఆట పుస్తకం విప్పి చూస్తామని నా దగ్గరికొస్తే, "ప్లాస్టిక్ కవర్ తీస్తే పాతదైపోతాది, కొంటే విప్పుకో" అనేదాన్ని. వాళ్ళు గోడవతలకు పొయ్యి షీట్ కొనుక్కునేవాళ్ళు. మా ఆయన ఒకసారి, "పద్మా, నీకు కండ్లు ముందరుండాయా, గోడ పక్కనుండాయా?" అన్నాడు. ఆ పూట ఆయనకు చారులో ఉప్పెయ్యలేదు.

ఇది ఊరికే అసూయ అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ 2006 నుంచి ప్రైవేటు స్కూళ్ళవాళ్ళు పుస్తకాలు తామే అమ్మడం మొదలుపెట్టినారు. జూన్ నెలలో మా షాపు ముందర రోడ్డు దాకా ఉండే లైను పల్చబడింది. 2007 జూన్‌లో పదిమంది కూడా లేరు. నా షాపును నిలబెడతాండేది ఆ ఒక్క ఆట పుస్తకాల అల్మారానే. అది పోతే షట్టరు దించి ఇంట్లో కూచోవడమే.

ఇట్లుండగా ఏప్రిల్‌లో బెంగళూరునుంచి ఫోన్. "అమ్మా, ఆ ఆటకు జూన్‌లో కొత్త ఎడిషన్ వస్తాండాది. రూల్సన్నీ మార్చేసినారు. పాతవి ఇంక అచ్చు వేయరు."

పుస్తకాల వ్యాపారంలో ఎడిషన్ అనే మాటకున్న బలం బయటివాళ్ళకు తెలియదు. సర్కారు సిలబస్ మార్చిన మరునాడు పాత గైడ్లు పల్లీల పొట్లాలకు పొయ్యేవే. అమ్ముడుపోని పుస్తకాలను కంపెనీకి వెనక్కి పంపడాన్ని రిటర్న్ అంటాం. దానికి గడువుంటుంది, ఆ గడువు దాటితే ఆ పుస్తకాలు మన నెత్తినే. పదహారేండ్లలో నేను ఆ గడువు ఒక్కసారి కూడా తప్పలేదు, అది నా గర్వం. అయితే ఈ ఆట పుస్తకాలు ఫారిన్‌వి. వాటికి రిటర్న్ లేదు. నా అల్మారాలో ముప్పై పాత ఎడిషన్ పుస్తకాలు. ఫోన్ పెట్టేసి గోడ వైపు చూసినా. అప్పుడు వచ్చింది నాకు ఆ పాడు ఆలోచన.

మరుసటి దినం కాఫీ లోటా పట్టుకుని గోడవతలకు పొయ్యినా. నేను అట్ల పొయ్యి ఎన్నేండ్లయిందో. గిరిజ లేచి స్టూలు వేసింది.

"గిరిజా, నా అల్మారా ఇరుకైపోయింది. ఈ ఆట పుస్తకాలు నువ్వు పెట్టుకోరాదా? ఎట్లాగూ ఆడేవాళ్ళు నీ దగ్గరే కదా కూచుంటారు," అన్నా.

"అన్నీనా అక్కా?"

"అన్నీ. ఇంటిమనుషులం, సగం ధరకే తీసుకో."

కొత్త ఎడిషన్ సంగతి నోరెత్తలేదు. గిరిజ కాఫీ తాగి, లోటా కడిగి నా చేతికిచ్చింది. "రెండు దినాలు టైమియ్యి అక్కా. చెప్తా," అనింది. మూడో దినం పొద్దున్నే వచ్చి, "సరే అక్కా, ఇయ్యి," అనింది. ముప్పై పుస్తకాలు నేనే చీర కొంగు దోపుకుని మోసి ఇచ్చినా. ఆమె నెత్తిన శఠగోపం పెట్టినానని ఎంత సంతోషమో! ఆ దినం ఇంట్లో ఒబ్బట్లు చేసినా. "ఈపొద్దు పండగేంది?" అని మా ఆయన అడిగితే, "తినేదానికి పండగే రావల్లా?" అన్నా. నాలుగు తిన్నాడు పాపం, ఏమీ తెలియక.

జూన్‌లో కొత్త ఎడిషన్ వచ్చింది. ఒకటి కాదు రెండు కాదు, ఇరవై సెట్లు తెప్పించినా. కొత్త సిలబస్ మొదటి నెలలో ఎవుడు దండిగా తెప్పిస్తే వానిదే బేరం అనేది మా లెక్క. షాపు ముందర పోస్టర్ కట్టినా. జన్మలో మొదటిసారి ఒక పుస్తకానికి ప్లాస్టిక్ విప్పి కౌంటర్ మీద పెట్టినా.

ఆ ఆదివారం బాగేపల్లి ఆయన వచ్చినాడు. నిలబడే అరగంట తిప్పి చూసినాడు. నేను సంచి కూడా తీసి రెడీగా పెట్టుకున్నా. ఆయన పుస్తకం మూసి మెల్లగా కౌంటర్ మీద పెట్టినాడు.

"అచ్చు బాగుండాదమ్మా. బొమ్మలూ బాగుండాయి. కానీ ఇది మేము ఆడే ఆట కాదు."

"అదేందప్పా, పేరు అదే కదా!"

"పేరు అదే. లోపలంతా వేరే. నాలుగేండ్లుగా నడుస్తాండే మా కథ దీంట్లో ఇమడదు. మావాళ్ళ వేషాలన్నీ కొట్టేసి మళ్ళా మొదటినుంచి రాసుకోవల్ల. ఎవురూ ఒప్పుకోలేదు."

"పాతది ఇంక అచ్చు వేయరంటప్పా! రేపటికి నువ్వే వచ్చి కొత్తది కావాలంటావు."

ఆయన నవ్వినాడు. "మాకేమన్నా పరీక్ష పెడతారా అమ్మా, సిలబస్ మారిందని భయపడేదానికి? పాతవే చాలు మాకు. అచ్చు ఆగిపోయిందంటే ఉన్నవన్నీ ముందే కొని పెట్టుకోవల్ల." అని చెప్పి గోడవతలకు పొయ్యినాడు.

పదహారేండ్ల అనుభవం ఆ ఒక్క మాటకు పనికిరాకుండా పోయింది. గైడు కొనే పిల్లోనికి వేరే దారి లేదు, మేష్ట్రు చెప్పింది కొనాల్సిందే. ఈ ఆట కొనేవాణ్ణి ఎవురూ కొట్టి కొనిపించలేరు. కంపెనీ మార్చుకున్నా వాడు మారడు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఇరవై సెట్లు నా వైపు చూస్తా కూచున్నాయి.

గిరిజ ఆ ముప్పై పుస్తకాలను ఏం చేసిందనుకుంటారు? ప్లాస్టిక్ కవర్లన్నీ చించేసి బెంచీ మీద వరసగా పెట్టింది. "కూచుని చదువుకోండి, నచ్చితే తీసుకుపోండి" అనింది. పాతవి దొరకడం లేదని బెంగళూరులో అందరూ వెతుకుతాండే కాలమది. చిక్కబళ్ళాపురనుంచి ఇద్దరు, గౌరిబిదనూరు పక్క తొండేభావినుంచి ఒకాయన, ఇట్ల ఎవురెవురో రావడం మొదలుపెట్టినారు. ఒక ఆదివారం పదకొండు జతల చెప్పులు. నేను పొయ్యి ఇచ్చిన పుస్తకాలు! నా చేతుల మీద మోసినవి! గోడవతల పాచిక పడిన ప్రతిసారీ నా గుండెలో రాయి పడినట్ల ఉండేది. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఏందో పెద్దలు ఊరికే చెప్పలేదు.

జూలైలో ఒక ఆదివారం సాయంత్రం ఆయన గిరిజ షాపులోనుంచి చంకలో రెండు పుస్తకాలు పెట్టుకుని బయటికొచ్చినాడు. ఇంక ఓర్చుకోలేకపోయినా. రోడ్డు మీదనే నిలబెట్టినా.

"ఏమప్పా, ఈ ఊరికి ఆ ఆట పుస్తకం మొదట తెచ్చింది ఎవురు?"

"మీరే అమ్మా."

"మరి ఎడిషన్ మారిపొయ్యిన పుస్తకాలని చెప్పకుండా ఆమె అంటగడతాంటే నోరుమూసుకుని కొంటాండావే! ఆమెకేం తెలుసు పుస్తకాల సంగతి?"

ఆయన చంకలో పుస్తకాలు సర్దుకున్నాడు. "గిరిజమ్మకు తెలుసమ్మా. మీరు ఇస్తానన్న దినమే నాకు ఫోన్ చేసింది. 'అక్క అన్నీ ఇచ్చేస్తానంటాండాది, ఎందుకై ఉంటుంది' అని అడిగింది. కొత్త ఎడిషన్ వస్తాండాదని నేనే చెప్పినా. 'వస్తే మీరు పాతది వదిలేస్తారా' అనింది. అందరినీ అడిగి చెప్తా అన్నా. మరుసటి దినం 'మేము వదలం' అని చెప్పినా. అప్పుడు తీసుకొనింది."

రెండు దినాల టైము ఎందుకో అప్పటికి తెలిసింది. గిరిజకు అంతా తెలుసు. నేను గుంత తవ్వుతాండానని తెలిసీ, కాఫీ తాగి లోటా కడిగి ఇచ్చింది. మూడు నెలలుగా ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అనుంటే బాగుండు, నేనూ నాలుగు అనేదాన్ని.

"మరి నాకెందుకు చెప్పలేదప్పా?" అన్నా.

"మీరు అడగలేదు కదమ్మా." ఆయన మాటలో కోపం లేదు. "నాలుగేండ్లుగా మీ దగ్గర కొంటాండా. నా పేరేందో చెప్పండి చూస్తాం."

ఆయన కొన్న ప్రతి పుస్తకం పేరూ చెప్పగలను. ఏ నెలలో ఏది తీసుకున్నాడో చెప్పగలను. పేరు మాత్రం నేను ఎన్నడూ అడగలేదు. "ఏం లేదులెండమ్మా, బస్సుకు టైమయింది," అని ఆయన బాగేపల్లి బస్సు వైపు పొయ్యినాడు.

లోపలికొచ్చి కుర్చీలో కూచున్నా. గిరిజ షట్టరు ఎన్ని గంటలకు లేస్తుందో నాకు తెలుసు. ఆమె మిషనుకు ఎప్పుడు ఇంకు మార్చిందో, మధ్యాహ్నం ఏం కూర తెచ్చుకొనిందో తెలుసు. నా షాపును నిలబెడతాండే మనిషి ఎవురో నాకు తెలియదు. ఎనిమిదేండ్లు గోడనే చూసినా, కౌంటర్ ముందర నిలబడినవాళ్ళను చూడలేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. కొనేవాణ్ణి అడగకుండా ఏ సరుకు పాతదో ఏది కొత్తదో నువ్వు తేల్చలేవు.

ఆ ఇరవై సెట్లు ఏమయినాయంటారా? రెండేండ్లు పట్టింది. ఆడకపోయినా దాచుకునేదానికి కొనేవాళ్ళు కొందరు తీసుకున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొందరు తీసుకున్నారు. మూడు సెట్లకు చెదలు పట్టింది. షాపును కాపాడింది అవి కాదు. నెలకొకసారి బెంగళూరు పొయ్యి, పాత పుస్తకాల అంగళ్ళలో తిరిగి, అచ్చు ఆగిపోయిన సప్లిమెంట్లు ఏరుకొచ్చి అమ్మడం మొదలుపెట్టినా. ఏవి కావాలో ముందే ఒక్కొక్కరినీ అడిగి రాసుకుని పొయ్యేదాన్ని. దాంతోనే షట్టరు దించకుండా నెట్టుకొచ్చినా. గిరిజ మీద అసూయ పోయిందా అంటే, పోలేదు. ఇప్పుడు కూడా గోడవతల ఎవురన్నా గట్టిగా నవ్వితే నా చెవి అటే పోతుంది.

కానీ అవన్నీ మొదలయ్యేదానికి ముందు, ఆ ఆదివారం సాయంత్రమే నేను ఒక పని చేయాల్సి వచ్చింది. ఆయన మళ్ళా వచ్చేలోపల ఆ పేరు నాకు తెలియాల. ఆయన్నే అడగడానికి ముఖం చెల్లదు. తెలిసిన మనిషి ఒక్కతే. పావుగంట గడప దగ్గర నిలబడి, లోపలికీ బయటికీ తిరిగి, చివరికి గోడవతలకు పొయ్యినా.

గిరిజ మిషను అద్దం తుడుస్తాండాది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టింది.

"గిరిజా, ఆ బాగేపల్లి ఆయన పేరేంది?" అన్నా.

గిరిజ నవ్వలేదు. "వెంకటరమణ అక్కా," అనింది. "వాళ్ళమ్మకు పోయిన నెల కంటి ఆపరేషన్ అయింది. నీ దగ్గర కొన్నవన్నీ ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకొనుండాడంట. ఎవురన్నా చూసి అడిగితే, చింతామణి పద్మమ్మ తెప్పించి ఇచ్చినవి అని చెప్తాడంట."

నేను ఆయనకు ఎన్నడూ నా పేరు చెప్పలేదు. మా షాపు బోర్డు మీద ఉండేది కూడా మా మామ పేరే.

"నా పేరు ఆయనకెట్ల తెలుసు?" అన్నా.

"అడిగినాడు కదక్కా నన్ను," అనింది గిరిజ. "నీ దగ్గర మొదటి పుస్తకం కొన్న దినమే."